నీణి

చెవిబిళ్ళ ప్రతి మాటనూ అనువదిస్తుంటే మాళవికకు ఒడియా, భర్త సుధాంశుకు తెలుగు నేర్చుకునే పని పడలేదు. చంటిది మొదటి మాట పలికిన పూట మాత్రం పేచీ వచ్చింది.

“నీళ్ళు అందండీ, చెవులారా విన్నాను!”

“నీ చెవులా, బిళ్ళ చెవులా? పాణి అంది. మా మాట!”

తేల్చుకుందామని ఇద్దరూ బిళ్ళలు తీసి బల్లమీద పెట్టారు. పాప గ్లాసు చాచింది.

“నీణి.”

నీళ్ళలో సగం, పాణిలో సగం.

సుధాంశు ఏదో అన్నాడు. మాళవికకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి గొంతు అంత మెత్తనిదని మాత్రం అప్పుడే తెలిసింది. బిళ్ళకోసం చాచిన చేతిని వెనక్కి తీసుకుంది.

అతను తన గ్లాసు ముందుకు జరిపి, బెరుకుగా, “నీణి,” అన్నాడు.

మాళవిక కూజా వంచి ఇద్దరికీ పోసింది.