కిటికీలు మూయమనే ఫోను

మబ్బు పట్టగానే మా ఆయన శ్రీశైలం తాను పనిచేసే మందుల కంపెనీ నుంచి ఫోన్ చేస్తాడు. "కిటికీలు బంద్ చెయ్యి. పాపకు మిషన్ పెట్టు."

నేను తలుపు కింద తడి తువ్వాలు కూరి, నిషితకు నెబులైజర్ మాస్కు తొడుగుతాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఐదేళ్లొచ్చినా ఊపిరితిత్తులు గట్టిపడలేదు. పది నిమిషాల్లో కుళ్లిన గుడ్ల కంపు ఊరంతా కమ్ముకుంటుంది. వాన చాటున వదిలితే అడిగేవాడుండడని కంపెనీ అప్పుడే గ్యాసు వదులుతుంది. అన్నం ముద్దకూ ఆ కంపే. నోట్లో పెట్టుకుంటే ఉమ్మేయాలనిపిస్తుంది.

ఈరోజు మబ్బు లేకుండానే ఫోనొచ్చింది, వెనకే కంపూ వచ్చింది. పక్కింటి అవ్వ దగ్గుకుంటూ మా గడప దగ్గర కూలబడింది.

"నీ పెనిమిటికి ముందుగాల్నే ఎట్ల ఎర్కయితది బిడ్డా? మాకు గూడ జెర చెప్పరాదు."

"ఆయన ముక్కు అసొంటిది అవ్వా" అన్నాను గర్వంగా.

సాయంత్రం ఆయన ఇంటికి రాగానే ఆ మాటే చెప్పి నవ్వాను. శ్రీశైలం మూడోసారి సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు.

"ముక్కేంది? వాల్వు తిప్పేది నేనే గద. ఇయ్యాల వానకోసం ఆగొద్దని సార్ చెప్పిండు."

చేతులు తుడుచుకుని పాప తల నిమరబోయాడు. నేను పిల్లను ఇటు లాక్కున్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది.

"గట్ల సూస్తవేంది? నీకు ఫోన్ చెయ్యకుండ ఒక్కనాడన్న తిప్పిన్నా?"