దరఖాస్తులో పోయిన బాపు

“మీ బాపు కాలం చేసిండని రాస్తున్న,” అన్నాడు ఆశన్న, కలం సిరాలో ముంచుతూ.

భూమేశ్ ఉలిక్కిపడ్డాడు. వాళ్ల బాపు బాలనర్సయ్య పక్కనే, కామారెడ్డి కచ్చేరి గోడకు ఆనుకొని నిక్షేపంగా చుట్ట కాలుస్తున్నాడు మరి.

“బతికున్న మనిషిని చంపుతవా అన్నా?”

“నేనెక్కడ చంపిన? దరఖాస్తులనే కదా చచ్చేది.”

కచ్చేరి ముందు చాప పరుచుకొని అర్జీలు రాసే ఆశన్నకు తన విద్య మీద గొప్ప నమ్మకం. ఎల్లారెడ్డి నుంచి కూడా జనం అతన్ని వెతుక్కుంటూ వస్తారు. భూమేశ్ లింగంపేట నుంచి సొంతంగా రాసుకొచ్చిన కాగితాన్ని అతను అప్పుడే చింపి పారేశాడు. అందులో ‘ఉర్దూ, తెలుగు రాస్తాను. లెక్కలు వస్తాయి. మీ బియ్యం మిల్లులో గుమాస్తా పని ఇప్పించగలరు’ అని మూడే ముక్కలు ఉన్నాయి.

“గిది దరఖాస్తా, అంగడి చిట్టీయా? అడిగేటోడు ఏడ్వాలె. చదివేటోనికి కండ్ల నీళ్లు రావాలె. బాపు పోయిండు, ఇల్లు ఆగమైంది, ఇగ మీరే దిక్కు... గట్ల రాస్తెనే పని అయితది.”

“పోనీ నా చిన్నప్పుడే పోయిండని రాయి,” అన్నాడు భూమేశ్ నసుగుతూ.

“పాత చావుకు జాలెక్కడిది? మొన్న ఆషాఢంల పోయిండని రాస్త.”

భూమేశ్ బాపు దిక్కు చూశాడు. బాలనర్సయ్య చుట్ట ఆర్పాడు.

“రాయనియ్యి బిడ్డా. గీ నౌకరి రాకుంటే బొంబాయి రైలెక్కుతనంటివి. నాకున్నది నువ్వొక్కనివి. కాయిదం మీద చస్తే నాకేమన్న నొప్పా?” అని, ఆశన్నతో “చంపేదేదో మంచిగ చంపు ఆశన్నా,” అన్నాడు.

ఆశన్న మంచిగానే చంపాడు. అదీ ఉర్దూలో, వంపులు తిరిగే రాతతో. దాని అర్థం చదివి వినిపిస్తుంటే బాలనర్సయ్యకే కళ్లు చెమర్చాయి. తాను పోతే ఇంత ఏడ్పు ఉంటుందని పాపం ఆయన ఎన్నడూ అనుకోలేదు.

మిల్లు వాకిట్లో బాలనర్సయ్య ఆగిపోయాడు.

“నేను గీడ కూసుంట. ఎవలన్న ఉంటే నన్ను బాపు అని పిలువకు.”

భూమేశ్‌కు మనసు చివుక్కుమంది. అయినా తల ఊపి లోపలికి నడిచాడు.

మిల్లు యజమాని నాగభూషణం సేటు ముందుగా ఒక ధాన్యం లెక్క అడిగాడు. భూమేశ్ నోటితోనే తేల్చి చెప్పాడు. రాయమంటే రాసి చూపించాడు. సేటు ఆ రాతను దగ్గరగా పెట్టుకొని చూసి, “సక్కగున్నది,” అన్నాడు. భూమేశ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత సేటు దరఖాస్తు విప్పాడు. సగం చదివేసరికి ఆయన ముఖం వాడిపోయింది.

“మీ బాపు మొన్న ఆషాఢంల పోయిండా?”

“అవును సేటూ.” భూమేశ్ తల దించుకున్నాడు. సేటు దాన్ని దుఃఖమే అనుకున్నాడు.

“అయ్యో! ఏటిసూతకంల ఉన్నవన్నట్టు. ఎల్లుండే దీపావళి. కొత్త ఖాతా పుస్తకాలు లక్ష్మీదేవి ముందట పెడతం. ముందుగాల ‘శ్రీ’ రాసేది గుమాస్తనే. బాపు పోయి ఏడాది తిరగనోని చేత, మిల్లు తెరిచిన మొదటి ఏడే శ్రీ రాయిస్తె మా ఇంటోళ్లు ఊకుంటరా? వేరేటోన్ని చూసుకుంట. మనసైతే నీ మీదనే ఉన్నది. ఏం చేస్త! మీ బాపు బతికుంటే గీ నౌకరి నీదే.”

ఆశన్న చింపిన ఆ మూడు ముక్కల కాగితం భూమేశ్ కళ్ల ముందు ఆడింది. అదే ఇచ్చి ఉంటే! ఆశన్నను అనడానికేముంది, వద్దు అనడానికి తనకే నోరు రాలేదు. సిగ్గు విడిచి సేటు కాళ్లు పట్టుకున్నాడు.

“సేటూ, మా బాపు బతికే ఉన్నడు! జాలి కోసం గట్ల రాయించిన. తప్పయింది. వాకిట్లనే కూసున్నడు!”

సేటు కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. “నౌకరి పోతదనంగనే బాపు లేచొచ్చిండా?”

“మీరే పిలిచి అడుగుండ్రి.”

సేటు కాసేపు మీసం దువ్వుకున్నాడు. “సరే. దరఖాస్తుల ఏడ్పులు నేను మస్తు చూసిన. బతికున్నమాట నిజమైతే తప్పు కాస్త. ఎల్లుండి నువ్వే శ్రీ రాద్దువు. కని నువ్వు నోరు మెదపకు. నేనే అడుగుత.”

హమాలీ పోయి పిలుచుకొచ్చాడు. బాలనర్సయ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకొని లోపలికి వచ్చాడు. సేటు చేతిలో దరఖాస్తు ఉంది. కొడుకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. సేటుకు ఏదో అనుమానం వచ్చినట్టుందని ఆయనకు తోచింది.

“గీ పోరనికి నువ్వేమైతవ్?” అన్నాడు సేటు.

చెప్పు బాపూ, చెప్పు, అని భూమేశ్ కళ్లతోనే బతిమాలాడు. బాలనర్సయ్య ఆ చూపు చూశాడు. కొడుకు ఏం కోరుతున్నాడో తనకు అర్థమైందనుకున్నాడు. తాను ఒక్క మాట తడబడితే పిల్లగాడు బొంబాయి పోతాడు. గొంతు సవరించుకొని, రెండు చేతులూ జోడించాడు.

“ఏమీ కాను సేటూ, ఒక్క ఊరోళ్లం. పాపం, వీళ్ల బాపు పాడె మోసిన నలుగురిల నేనొకన్ని.”