డెబోరా వంత

"పిల్లలు లేరా అన్నా?" అని అడిగింది, ఇంటికొచ్చి కెమెరా పెట్టిన యూట్యూబ్ అమ్మాయి.

శని, ఆదివారాలు వాకాడు చుట్టుపక్కల చర్చిల్లో బుర్రకథలు చెప్పే జడ్సన్ నవ్వి, తంబురా ఎత్తి చూపించాడు. "ఇదేమ్మా మా బిడ్డ. కళ కోసం పిల్లల్ని మేమే వద్దనుకున్నాం."

పక్కనే భార్య డెబోరా గుమ్మెట పట్టుకుని కూర్చుంది. కథలో అతనికి ఆమే వంత. ఇంట్లోనూ అంతే, అతనేం చెప్పినా "ఆహా" అనాల్సిందే. అలవాటు కొద్దీ జడ్సన్ ఆ "ఆహా" కోసం ఆగాడు.

డెబోరా గుమ్మెట మీద ఒక్క దెబ్బ వేసింది.

"ఆహా! క్రిస్మస్ కథలకి వంత ఉండదని పెళ్లానికి కడుపు తీయించినాడే, ఆ మొగుడెవరు కథకుడా?"