అంగి తొడిగే చెయ్యి

తెల్లారితే పెళ్ళి. బాలమ్మ రాదని మధ్యాహ్నం మాజ్రి నుంచి కబురొచ్చింది. ఆమెకు జ్వరమట.

రాయమల్లు కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాడు.

కొడుకు పోశం పీటలెక్కేది తన తాత పెళ్ళినాటి అవిసెనార అంగితోనే. చేత్తో కుట్టిన అంగి అది. పెళ్ళికి తప్ప పెట్టె తెరవరు. ఇంటి ఆడబిడ్డే దాన్ని తొడగాలి.

రాయమల్లుకు అక్కాచెల్లెళ్ళు లేరు, పోశానికీ లేరు. అతని పెళ్ళిలో పొరుగింటామె తొడిగింది. ఏడాది తిరగకముందే పెళ్ళాం పోయింది. పోశం రెండో ఆమె కొడుకు. అందుకే ఈసారి ఇంటిపేరు కలిసిన బాలమ్మను పట్టుకున్నాడు. అదీ చేజారింది.

అప్పుడే వాకిట్లోకి ఒక ముసలామె వచ్చింది.

"మీ అవ్వ లేదా బిడ్డా?"

"పిలుపులకు పోయింది. నువ్వెవలు?"

"ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చిన. మీ ఈ రాజురా వేరే రాజ్యంల కలుస్తదంటున్నరు గద. హద్దు పడ్డంక రానిస్తరో లేదో." ఆమె లోపలికి తొంగిచూసింది. "పిలగానికి అంగి నేను తొడుగుత."

"నువ్వా?"

"దానికి గుండీలుండయి, నాడాలే. పాత నార. పైలంగ కట్టాలె."

రాయమల్లుకు ఒళ్ళు మండింది. పెట్టెలోని అంగి సంగతి దీనికెలా తెలిసింది?

"పెట్టె ఎప్పుడు తెరిచినవ్? పెళ్ళింట్ల దొంగతనానికొచ్చినవా?"

"గట్ల గాదు బిడ్డా, మీ అవ్వ రానీ..."

"నడువ్ ముందుగాల!"

కోపం వస్తే రాయమల్లుకు ముందూ వెనకా తెలీదు. చెయ్యి పట్టి సడక్ దాకా లాక్కుపోయి వదిలాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

కాసేపటికి తల్లి ఆగమ్మ వచ్చింది. రాయమల్లు గొప్పగా చెప్పాడు.

"దొంగ ముసల్దాన్ని ఎల్లగొట్టిన అవ్వా. అంగికి నాడాలున్నయని నాకే చెప్తుంది!"

ఆగమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా సడక్ మీదికి ఉరికింది. రాయమల్లు వెనకే ఉరికాడు.

ఆదిలాబాద్ పోయే మోటారు బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది.

"ఎవలే అవ్వా ఆమె?"

ఆగమ్మ అక్కడే కూలబడింది.

"పేరెత్తనని మీ తాతకు ఒట్టేసిన బిడ్డా. వేరే కులపోన్ని చేసుకున్నదని ఆయన ఆమెను ఇల్లు తొక్కనియ్యలే."

"గదే, ఎవలు?"

"మీ నాయన అక్క రాజక్కరా... తమ్ముని లగ్గానికని ఆ అంగి కుట్టింది, తొడిగింది ఆమెనే."