తోక కొయ్యని మాట

"ఎల్సీ అనే ఆవిడ ఇక్కడుండాలి. మీకు తెలుసాండీ?"

బంగాళాదుంపలు తూస్తున్న ఆల్ఫ్ చెయ్యి టక్కున ఆగిపోయింది.

తూర్పు లండన్ బజారులో ముక్కూమొహం తెలియనివాడు ఎవరి గురించి అడిగినా నోరు విప్పకూడదు. వచ్చినవాడు పోలీసు కావచ్చు, కౌన్సిల్ మనిషి కావచ్చు.

అందులోనూ ఎల్సీ! పక్కనున్న మలుగు చేపల బండి ఆమెదే. లైసెన్సు మాత్రం ఇంకా చనిపోయిన మొగుడి పేరు మీదే ఉంది. పైవాళ్ళకి తెలిసిందా, మర్నాడే బండి ఎత్తేస్తారు. ఆ బండి లేకపోతే ఆమెకి బతుకే లేదు.

నయం, ఇప్పుడే టీ తాగడానికి వెళ్ళింది.

"ఇంతకీ తమరెవరు గురువుగారూ?" అన్నాడు ఆల్ఫ్.

"అది ముందు ఆవిడకే చెప్పాలి."

ఆల్ఫ్‌కి అనుమానం బలపడింది. మనిషికి ముప్ఫై లోపే ఉంటాయి. ఎండకి మొహం కమిలిపోయి ఉంది. యాస ఏ ఊరిదో అంతు పట్టడం లేదు.

"వాళ్ళిల్లు ఈ వీధి చివరే ఉండేది. సాయంత్రమైతే ఆపిల్స్ అండ్ పేర్స్ మీద కూర్చుని పాటలు పాడేది" అన్నాడతను.

ఆల్ఫ్‌కి నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు నటించాడు.

మెట్లని అలా అనడం ఇక్కడివాళ్ళ పద్ధతే. పేర్స్‌కీ స్టేర్స్‌కీ ప్రాస. కానీ ఇక్కడ పుట్టి పెరిగినవాడెవడూ ఆ ప్రాస మాట పైకి అనడు. తోక కోసేసి ఉత్త 'ఆపిల్స్' అంటాడు. బయటివాడికి అర్థం కాకూడదనే కదా ఈ తంటా అంతా!

వీడెవడో పుస్తకం బట్టీ పట్టి వచ్చాడు, అనుకున్నాడు ఆల్ఫ్. ఎందుకైనా మంచిదని ఇంకో గాలం వేశాడు.

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నా. ప్లేట్లు పీకేస్తున్నాయనుకోండి."

"నావీ అంతే. రేవు నుంచి నడిచే వచ్చాను. ప్లేట్స్ ఆఫ్ మీట్ వాచిపోయాయి."

ఓరి నాయనో! మీట్‌కీ ఫీట్‌కీ ప్రాస; పాదాలకి కూడా తోక తగిలించాడు మహానుభావుడు. ఇంక సందేహం లేదు, పోలీసే.

ఆల్ఫ్ మొహం దిగాలుగా పెట్టాడు.

"ఎల్సీయా? ఇంకెక్కడి ఎల్సీ? జ్వరమొచ్చి పోయింది పాపం. చాలా ఏళ్ళయింది."

అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తర్వాత పక్క బండి వైపు చూశాడు.

"ఆ చేప ముక్కలు ఒక గిన్నెడు పెడతారా?"

ఆల్ఫ్ పెట్టాడు. అతను ముక్కలు తిని, అడుగున మిగిలిన వెనిగర్ కూడా ఎత్తి తాగేశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

అలవాటు లేదు కదా, ఘాటెక్కింది, అనుకున్నాడు ఆల్ఫ్.

"వెళ్తానండీ. మా ఓడ బయల్దేరే టైమైంది."

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఎల్సీ వచ్చింది.

"అమ్మాయ్, ఇవాళ నిన్ను పోలీసు నోట్లోంచి లాగాను, తెలుసా!" అన్నాడు ఆల్ఫ్ మీసం దువ్వుకుంటూ. జరిగిందంతా అభినయించి మరీ చెప్పాడు.

ఎల్సీ పడీ పడీ నవ్వింది.

"ఏమన్నాడూ? మళ్ళీ చెప్పు పెద్దాయనా."

"ఆపిల్స్ అండ్ పేర్స్ అన్నాడమ్మా, పేర్స్‌తో సహా! నువ్వు వాటి మీద కూర్చుని పాటలు పాడేదానివట."

ఎల్సీ నవ్వు ఆగిపోయింది.

"పేరు చెప్పాడా?"

"లేదు."

"ఏ ఓడ?"

"అడగలేదమ్మా. పోలీసోడికి ఓడేమిటి, అబద్ధం! మనవాడైతే చచ్చినా మాట మొత్తం అనడు."

"అంటాడు" అంది ఎల్సీ. ఏప్రన్ విప్పి బండి మీద పడేసింది. "చంటిపిల్లలకి అమ్మ మాట మొత్తమే నేర్పేది. తోక కొయ్యడం పెద్దయ్యాక మాకు మేమే నేర్చుకునేవాళ్ళం."

రేవు వైపు నుంచి ఓడ కూత వినిపించింది.

"అమ్మ పోయాక అనాథాశ్రమం వాళ్ళు ఆస్ట్రేలియా ఓడ ఎక్కించేసేనాటికి, మా తమ్ముడు ఇంకా మాట మొత్తం అనే వయసులోనే ఉన్నాడు."