నిమ్మకాయలకు ఆగే లారీలు

"ఈ పొద్దు కూడా పోసిండారు టీచరమ్మా!" గేటు దగ్గర్నించే అరిచింది మూడో తరగతి మునీశ్వరి.

సుమతి టీచర్ హాజరు పుస్తకం బల్ల మీద పడేసి బయటికొచ్చింది. బడి ముందు తారు రోడ్డుకు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా కుంకుమ నీళ్ల ఎర్రటి చార. దాని మీద కోసిన నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. నెల రోజులుగా ఇదే తంతు. ఎవరు పోస్తున్నారో, ఎప్పుడు పోస్తున్నారో చూసినవాళ్లు లేరు.

పుంగనూరు నుంచి మదనపల్లె మార్కెట్టుకు టమోటా లారీలు పరిగెత్తే రోడ్డు అది. అటు ఊరు, ఇటు బడి. ముప్పై ఇద్దరు పిల్లలు రోజుకు రెండుసార్లు దాటాలి. కిందటేడు రెండో తరగతి యమున దాటుతూ లారీ కింద పడి చనిపోయింది. ఆ పిల్ల పాఠం తప్పలేదు. కుడి చూసింది, ఎడమ చూసింది, మళ్లీ కుడి చూసింది. దూరంగా వస్తున్న లారీకి చెయ్యెత్తి అడుగేసింది. సుమతి టీచర్ ఎలా నేర్పిందో అలాగే చేసింది. ఆగనిది లారీవాడే.

అవే లారీలు ఇప్పుడు ఎర్ర చార కనబడితే చాలు, కీచుమని ఆగుతున్నాయి. డ్రైవర్లు చెంపలేసుకుని, ఏ చక్రం దేని మీద పడుతుందోనని తల బయటపెట్టి చూసుకుంటూ, నత్తనడకన దాటిస్తున్నారు.

"పసిబిడ్డ చెయ్యెత్తితే ఆగని నా కొడుకులు నిమ్మకాయకు ఆగతారు! థూ!" అంది సుమతి. అవతలి గట్టున నిలబడ్డ పిల్లల్ని కేకేసింది. "దిష్టీ లేదు, గిష్టీ లేదు. ఆ చార మీదనే నడిచి రండి. తొక్కండి! భయం పోవాల."

ఆగిన లారీల ముందు నుంచి పిల్లలు వరసగా చార తొక్కుకుంటూ వచ్చేశారు.

వంటమనిషి రామక్క లబలబలాడింది. "అది తొక్కితే కీడు టీచరమ్మా! పిల్లోల్లకు ఏమన్నా అయితే?"

"యమున ఏం తొక్కిందని పోయింది రామక్కా?"

రామక్క కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది.

అప్పుడే మండల విద్యాశాఖ జీపు వచ్చింది. రోడ్డు భద్రతా వారోత్సవాలు. అది కూడా చారకు అవతలే ఆగింది. డ్రైవర్ ససేమిరా దాటనన్నాడు. ఆఫీసరు మురళీధర్ దిగి, ప్యాంటు పైకెత్తుకుని, నిమ్మకాయల మధ్య ఎగురుకుంటూ వచ్చాడు. గోడకు చార్టు తగిలించాడు. నల్లరోడ్డు మీద తెల్లగీతలు, వాటి మీద నవ్వుతూ నడిచే పిల్లలు.

"సార్, ఆ తెల్లగీతలు మన రోడ్డులో యాడుండాయి?" అడిగింది మునీశ్వరి.

"అవి టౌనులో ఉంటాయి పాపా. కూర్చో," అన్నాడు ఆఫీసరు. తర్వాత సుమతిని పక్కకు పిలిచాడు. "బడి ముందర ఈ దరిద్రమేందమ్మా? పేపర్లో పడితే మన పరువేం కావాల? సదువు సెప్పే సోట మూఢనమ్మకాలా?"

"స్పీడ్‌బ్రేకర్ వేయమని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను సార్."

"ఫైలు పైనుండాది. టైం పడతాది."

"యమున పోయేదానికి టైం పట్టలేదు సార్."

ఆఫీసరు ముఖం మాడిపోయింది. "ఆ సంగతి వేరే. ముందు ఈ పని ఎవరిదో కనిపెట్టు. పోలీసులకు పట్టిస్తా. దొరక్కపోతే నీకే మెమో ఇస్తా."

సుమతి రోడ్డు వైపు చూసింది. చార ముందు మరో లారీ ఆగింది. ఆలస్యంగా వచ్చిన ఒకటో తరగతి బుడతడు దాని ముందు నుంచి తాపీగా నడిచొస్తున్నాడు.

"సరే సార్. రేపు కూడా అందరికంటే ముందు నేనే వస్తాను," అంది.

మరునాడు ఇంకా మసకగా ఉండగానే, ఎప్పటిలాగే బడి ముందు స్కూటీ ఆపిన సుమతి టీచర్, కుడి చూసి, ఎడమ చూసి, మళ్లీ కుడి చూసి, డిక్కీలోంచి కుంకుమ నీళ్ల సీసా, నిమ్మకాయల సంచి తీసుకుని రోడ్డు మధ్యకు నడిచింది.