బుడిపె

"ఇంత బుడిపె లేచేదాకా తల్లిగా మీరేం చేస్తున్నట్టమ్మా?" అంది డాక్టరమ్మ.

పక్క కుర్చీలో భర్త ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు చూసి తల్లికి ఒళ్ళు మండిపోయింది.

ఈవిడ దగ్గరికేనా తను పట్టుబట్టి మరీ వచ్చింది! పిల్లల చర్మవ్యాధులకి ఈవిణ్ణి మించినవాళ్ళు లేరనీ, మాట వెన్నపూసనీ పక్కింటావిడ ఒకటే ఊదరగొట్టింది. తీరా వచ్చి చూస్తే పచ్చి మిరపకాయ.

మొదట్లో బాగానే ఉంది. నాలుగేళ్ళ కూతురు గువ్వని బల్ల మీద కూర్చోబెట్టింది. చూపుడువేలి కణుపు మీద బఠాణీ గింజంత ఎత్తుగా లేచిన బుడిపెని భూతద్దం పెట్టి చూసింది. అటు నొక్కింది, ఇటు నొక్కింది. "నొప్పా తల్లీ?" అని అడిగింది. గువ్వ తల అడ్డంగా ఊపింది.

"వేలు నోట్లో పెట్టుకోవడం, కొరుక్కోవడం లాంటివేమైనా ఉన్నాయా?"

"లేదు," అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. ఆ మొగుడూ పెళ్ళాలు ఒక్క మాట మీద నిలబడి ఎన్నాళ్ళయిందో!

"తినేటప్పుడూ, పడుకునేటప్పుడూ పక్కనే ఉంటానండీ. అలాంటి పాడలవాట్లు మా పిల్లకి లేవు," అని తల్లి గట్టిగా చెప్పింది కూడా.

ముందు చూసిన డాక్టరూ ఇదే అడిగాడు. లేదంటే, అయితే ఇదేదో గడ్డ, కోసి తీసి పరీక్షకి పంపుదామన్నాడు. రేపు పొద్దున్నే ఆపరేషన్. కోస్తే వేలు కాస్త వంకరపోయినా పోవచ్చని తాపీగా చెప్పాడు. ఆ మాట విన్నప్పట్నుంచీ తల్లికి కంటి మీద కునుకు లేదు. పరీక్షలో ఏం బయటపడుతుందో అని ఒక భయం. పోనీ ఏమీ లేదనుకున్నా, పెన్సిలు పట్టాల్సిన వేలాయె!

అందుకే ఇక్కడికి పరుగెత్తుకొచ్చింది. ఈవిడేమో గువ్వని వెనకగోడ పక్కనున్న చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టి, కాగితం, రంగుపెన్సిళ్ళు ఇచ్చి, వీళ్ళిద్దర్నీ తనకి ఎదురుగా కూర్చోమని, దులపడం మొదలుపెట్టింది.

"నన్నంటారేమిటండీ?" తల్లి ఊరుకోలేదు. "ఈయన్నడగండి. కన్నతండ్రేగా! వేలి దాకా ఎందుకు, పిల్ల ముఖం చూసి ఎన్నాళ్ళయిందో కనుక్కోండి."

"మీ ఆవిడ అంత మాటంటే అలా కూర్చున్నారేం సార్?" అంది డాక్టరమ్మ.

అంతే. ఆయన ఒంటికాలి మీద లేచాడు.

"దీన్ని ముందు చూసింది నేను! పులిపిరి, అదే రాలిపోతుందని కొట్టిపారేసిందెవరు? ఫోన్లోంచి తలెత్తితేగా నువ్వు!"

"ఆహా! మీ అమ్మగారు చెప్పారని దానికి దారం బిగించి కట్టి, వేలు వాచేలా చేసిందెవరో?"

"మా అమ్మ జోలికి రాకు!"

"వస్తాను! ఏం చేస్తారు?"

"దారం ఎవరు కట్టారన్నారూ? మళ్ళీ చెప్పండి," అంటూ డాక్టరమ్మ ఇంకాస్త ఎగదోసింది.

ఇదెక్కడి చోద్యమమ్మా! నాలుగు మంచిమాటలు చెప్పాల్సిన మనిషి పుల్లలు పెడుతోంది. పోనీ అడిగేటప్పుడు ముఖంలోకి చూస్తుందా అంటే అదీ లేదు. చూపంతా వీళ్ళ భుజాల మీదుగా వెనకగోడ మీదే. గడియారం చూసుకుంటోంది కాబోలు, ఎప్పుడు వదిలించుకుందామా అని. తల్లికి ఆవిడ మీద కసి పుట్టింది. ఆ కసంతా మొగుడి మీద చూపించింది. ఆయన ఒకటంటే తను రెండంది. ఆయన బల్ల గుద్దాడు. బయట కూర్చున్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూశారు. ఉన్న కాస్త పరువూ గంగలో కలిసింది.

గువ్వ మాత్రం కిక్కురుమనలేదు. ఇంట్లోనూ అంతే, బంగారుతల్లి. అమ్మానాన్నా ఇల్లు పీకి పందిరేస్తున్నా ఏడవదు, పేచీ పెట్టదు. ఆ ఒక్క విషయంలో తను అదృష్టవంతురాలినని తల్లి అందరికీ చెప్పుకుంటుంది.

"చాలు!" తల్లి విసురుగా లేచింది. "వేలి సంగతి తేల్చమంటే మా కాపురం సంగతి మీకెందుకండీ? మీరూ ఒక డాక్టరేనా! లేవండి, పోదాం. రేపు కోయించేద్దాం."

"కోయించకండి," అంది డాక్టరమ్మ.

ఆ గొంతు ఇందాకటి గొంతు కాదు. పక్కింటావిడ చెప్పిన వెన్నపూస ఇప్పుడు వినపడింది.

"ఆపరేషన్ మానేయండి. ఇది గడ్డ కాదు, భయపడాల్సిందేమీ లేదు. రాపిడికి తోలు గట్టిపడింది, అంతే. కోసినా మళ్ళీ వస్తుంది."

తల్లి మళ్ళీ కుర్చీలో కూలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ కోపం మాత్రం దిగలేదు.

"అంత నమ్మకంగా ఎలా చెబుతారు? ఇంతసేపూ మా ఇద్దరికీ తగువు పెట్టడం తప్ప మీరు చూసిందేముంది?"

"రాపిడి ఏమిటి అసలు? దేనికి?" అన్నాడు భర్త. "మందేదైనా రాయండి."

"దీనికి మందు నా దగ్గర లేదు సార్." డాక్టరమ్మ కలం మూత పెట్టేసింది. "ఇందాకటి మాటలకి ఏమీ అనుకోకండి. నాకు చూడాల్సింది కనపడింది. ఇక ఇద్దరూ చప్పుడు చేయకుండా ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి."

ఇద్దరూ తిరిగి చూసేసరికి, పళ్ళ మధ్య గట్టిగా బిగబట్టుకున్న చూపుడువేలిని, అరుపులు నిజంగానే ఆగాయని నమ్మకం కుదిరాక, గువ్వ మెల్లగా బయటికి తీసి గౌనుకి తుడుచుకుంది.